టెక్ సందేహాలు: పాట మీదే, చానల్ ఎవరి చేతిలో ఉంది?

ఈ నెల నాకు వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా సొంతంగా పాటలు కట్టుకుని పాడుకునే చిన్న బృందాలవే. నల్లగొండ, దేవరకొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్... ఊరు మారుతోంది కానీ బాధ మారడం లేదు. అందరూ మొదట అడిగేది మైకు గురించి. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం రెండో ఉత్తరం. మైకు కోసమే ఈ పేజీ తెరిచినవారు కూడా దయచేసి దాన్ని వదలకుండా చదవండి.

నల్లగొండ నుంచి ఒక పాఠకుడు: మేం నలుగురం కలిసి పాటలు చేస్తున్నాం. గిటారు, కీబోర్డు, రెండు డప్పులు. ఫోనులో రికార్డు చేస్తే డప్పు మొదటి దెబ్బ బాగానే వినిపిస్తుంది. ఆ వెంటనే గొంతు మునిగిపోయి మళ్లీ తేలుతుంది. మంచి మైకు కొంటే సరిపోతుందా?

ఇప్పుడే కొనకండి. మీ ఫోను మైకు చెడ్డది కాదు, దాని వెనక ఉన్న సాఫ్ట్‌వేర్ మీ పాటను పాడు చేస్తోంది. ఫోను పుట్టింది మాట్లాడడానికి. అందుకే మనిషి గొంతు ఒక్కటే కావలసిన ధ్వని, మిగిలినదంతా రొద అన్న లెక్కతో అది నడుస్తుంది. డప్పు మీద సిర్ర పడగానే చప్పుడు హద్దు మీరిందనుకుని మొత్తం స్థాయిని కిందికి లాగుతుంది. దెబ్బకూ దెబ్బకూ మధ్య ఖాళీ దొరికితే మళ్లీ పైకి ఎత్తుతుంది. ఆ లాగుడులో డప్పుతోపాటు గొంతు కూడా పోతుంది. మీరు విన్న మునగడం, తేలడం అదే.

కిన్నెర వాయించేవారికి ఇంకా అన్యాయం. తీగ మీటిన తర్వాత సొరకాయ బుర్రల్లో మెల్లగా సన్నగిల్లే నాదాన్ని ఫ్యాను చప్పుడు లాంటిదేననుకుని కోసేసే ఫోనులున్నాయి. పన్నెండు మెట్ల కిన్నెరకు దర్శనం మొగులయ్య 2022లో పద్మశ్రీ అందుకున్నారు. బుర్రవీణకు దాసరి కొండప్పకు 2024లో అదే గౌరవం దక్కింది. ఇద్దరూ పాలమూరు మట్టిలో పుట్టినవారే. దేశం పిలిచి గౌరవించిన వాద్యాన్ని జేబులోని ఫోను రొద కింద జమకడుతోందంటే నాకు కోపం వస్తుంది. ఫోను తయారు చేసినవారు డప్పు ఎలా మోగుతుందో ఒక్కసారైనా వినకుండా, ‘అనవసర శబ్దం’ అంటే ఏమిటో నాలుగు గోడల మధ్య కూర్చుని తేల్చేశారు. సరే, తేల్చుకున్నారు. కనీసం ఆ శుద్ధిని ఆపుకునే మీటైనా అందరికీ కనిపించే చోట పెట్టాలి కదా! ఆండ్రాయిడ్‌లో 2016లో వచ్చిన 7.0 వెర్షన్ నుంచే శుద్ధి చేయని ధ్వనిని నేరుగా తీసుకునే ఏర్పాటు ఉంది. దాన్ని ఇవ్వాలా వద్దా అన్నది మాత్రం ఫోను తయారీదారు దయ.

కాబట్టి ముందు ఫోనుతో వచ్చిన రికార్డరును పక్కన పెట్టండి. సెట్టింగుల్లో ‘రా’ లేదా ‘అన్‌ప్రాసెస్డ్’ అన్న ఎంపిక ఉన్న రికార్డింగ్ యాప్ ఒకటి వెతికి వాడండి. స్థాయిని దానంతట అదే ఎత్తి దించే ఆటో గెయిన్, రొద అనుకున్నదాన్ని కోసేసే నాయిస్ సప్రెషన్ రెండూ ఆపండి. ఫైలు వేవ్ రకంలో, వీలైతే 24 బిట్లలో ఉండాలి. గట్టి దెబ్బ పడినప్పుడు కూడా యాప్‌లో కనిపించే ధ్వని మట్టం మైనస్ 12 డెసిబెళ్ల దగ్గర ఆగేలా చూడండి. తక్కువగా రికార్డయిన దాన్ని తర్వాత పెంచుకోవచ్చు. పగిలిన ధ్వనిని మాత్రం ఏ సాఫ్ట్‌వేరూ పూర్తిగా అతికించలేదు.

డప్పుకు ఫోనును రెండు మూడు మీటర్ల దూరంలో పెట్టండి. గదికి రేకుల కప్పు ఉంటే గోడలకు బొంతలు వేలాడదీయండి, మంచి తేడా తెలుస్తుంది. ఇంకొక మాట. మంట దగ్గర కాచిన డప్పు చల్లారుతున్న కొద్దీ చర్మం వదులై శ్రుతి దిగుతుంది. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు. కానీ గంట తేడాతో రికార్డు చేసిన రెండు ముక్కలను కంప్యూటర్‌లో అతికించి, ‘సాఫ్ట్‌వేర్ శ్రుతి మార్చేస్తోంది’ అని నాకు రాసినవారున్నారు. డప్పు భాగాలన్నీ ఒకే కాపులో ముగించండి.

మహబూబ్‌నగర్ నుంచి: మా బృందం చానల్‌లో రెండేళ్లుగా పెట్టిన పాటలున్నాయి. మిక్సింగ్ కోసం ఒక ఖరీదైన సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరికితే దించుకున్నాం. యాంటీవైరస్ ఆపి ఇన్‌స్టాల్ చేయాలని రాసి ఉంది, అలాగే చేశాం. మూడో రోజుకు చానల్ పేరు మారిపోయింది. అందులో ఎవరిదో క్రిప్టో కరెన్సీ లైవ్ నడుస్తోంది. టూ స్టెప్ వెరిఫికేషన్ పెట్టుకున్నాం. ఓటీపీ ఎవరికీ చెప్పలేదు. ఎలా జరిగింది?

ఇదే ప్రశ్న, ఇదే వరుసలో, నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. ‘ఓటీపీ చెప్పలేదు’ అన్న మాట ప్రతి ఉత్తరంలోనూ ఉంటుంది. మీరు చెప్పలేదు, నిజమే. దొంగకు దానితో అవసరమే పడలేదు.

సినిమా హాల్లో ఇంటర్వెల్‌కు బయటికి వెళ్లేవారికి గేటు దగ్గర పాస్ ఇస్తారు. తిరిగి వచ్చేటప్పుడు ఎవరూ టికెట్ అడగరు, పాస్ చూసి పంపిస్తారు. మీరు ఒకసారి పాస్‌వర్డు, ఓటీపీ ఇచ్చి లోపలికి వెళ్లాక బ్రౌజర్ కూడా అలాంటి పాసునే దాచుకుంటుంది. దాని పేరు కుకీ. మీరు దించుకున్న ఉచిత కాపీలో ఉన్న దొంగ ప్రోగ్రాం ఆ పాసును, దానితోపాటు బ్రౌజర్‌లో దాచిన పాస్‌వర్డులను మూటగట్టి పంపేసింది. అవతలివాడు ఆ పాస్ చూపించి మీ ఖాతాలోకి నడిచి వచ్చాడు. టికెట్ అడిగేవారే లేనప్పుడు రెండు తాళాలు వేసి ఏం లాభం?

ఇది కొత్త మోసం కూడా కాదు. యూట్యూబ్‌లో పాటలు, వీడియోలు పెట్టేవారి కుకీలను దొంగిలించే ముఠాల గురించి గూగుల్ భద్రతా విభాగం 2021 అక్టోబరులోనే వివరంగా రాసింది. 2019 చివరి నుంచి వాళ్లను గమనిస్తున్నామని చెప్పింది. అప్పుడు ఎర ఎక్కువగా ‘మీ చానల్‌లో మా ప్రకటన వేస్తారా’ అన్న మెయిల్. కొట్టేసిన చానళ్లలో చాలావాటిని క్రిప్టో మోసాల లైవ్‌కు వాడుకున్నారు. మీకు జరిగింది అచ్చంగా అదే.

ప్రోగ్రాముల మీద బతికే బృందాలకు ఈ ఎర ఇంకా దగ్గరగా వస్తుంది. జాతర కమిటీ పేరుతో ‘అగ్రిమెంట్ పంపాం, చూసి ఒప్పుకోండి’ అని ఒక జిప్ ఫైలు వస్తే కార్తీకంలో కురుమూర్తి దగ్గర పాడే అవకాశం అనుకుని ఎవరు తెరవరు? జిప్‌కు పాస్‌వర్డు పెట్టి, ఆ పాస్‌వర్డును కూడా అదే మెయిల్‌లో ఇస్తారు. ఎందుకంటే తాళం వేసిన జిప్ లోపల ఏముందో మెయిల్ సంస్థ తనిఖీ చేయలేదు. లోపలి ఫైలు పీడీఎఫ్ లాగే కనిపిస్తుంది. చాలా కంప్యూటర్లు ఫైలు పేరు చివర ఉండే రకాన్ని మొదటి రోజు నుంచే దాచిపెట్టి చూపిస్తాయి. ‘అగ్రిమెంట్ డాట్ పీడీఎఫ్ డాట్ ఈఎక్స్‌ఈ’ అన్న పేరులో ఇది ప్రోగ్రాం అని చెప్పే చివరి ముక్క మాయమై పీడీఎఫ్ మాత్రమే మిగులుతుంది. తెర శుభ్రంగా కనిపించాలన్న సోకు కోసం, ఇది కాగితమో దొంగో తెలుసుకునే ఒకే ఒక్క ఆనవాలును చెరిపేశారు. ఇన్నేళ్లుగా ఇంతమంది మోసపోయినా ఆ అలవాటును మార్చలేదు. దీన్ని నేను క్షమించలేను. ఇవాళే మీ కంప్యూటర్ సెట్టింగుల్లో ఫైల్ ఎక్స్‌టెన్షన్లు కనిపించేలా మార్చండి. ఫోనులో అయితే పెళ్లి పత్రిక అని వచ్చినా, ప్రోగ్రాం కాంట్రాక్టు అని వచ్చినా, పేరు చివర ఏపీకే అని ఉంటే అది కాగితం కాదు, యాప్. ముట్టుకోకండి.

ఇక మీ సంగతి. ముందు ఆ లాప్‌టాప్‌ను నెట్ నుంచి తీసేయండి. దాని మీద కూర్చుని పాస్‌వర్డు మార్చకండి. కొత్త పాస్‌వర్డు కూడా అదే దొంగకు అందుతుంది. ఆ ఉచిత కాపీ ఎప్పుడూ పడని మరో ఫోను తీసుకుని దాంట్లో మార్చండి. తర్వాత ‘అన్ని పరికరాల నుంచి సైన్ అవుట్’ చేయండి, పాత పాసులు చెల్లకుండా పోయేది దాంతోనే. రికవరీ ఫోను, రికవరీ మెయిల్ మీవేనా, మెయిల్‌లో కొత్త ఫిల్టర్లు చేరాయా చూడండి. ఖాతాలోకి వెళ్లలేకపోతే గూగుల్ అకౌంట్ రికవరీ పేజీ నుంచి మొదలుపెట్టి, ఖాతా దక్కాక చానల్ హ్యాక్ అయిందని యూట్యూబ్ సహాయ విభాగానికి రాయండి. ఆ లాప్‌టాప్ నుంచి బ్యాంకు పనులు కూడా చేసి ఉంటే ఆ పాస్‌వర్డులూ పోయాయనే అనుకోవాలి. డబ్బు పోయినట్టు తెలిసిన నిమిషంలోనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి. చానల్ విషయం సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో నమోదు చేయండి. లాప్‌టాప్‌కు యాంటీవైరస్ స్కాన్ చాలదు. పాటల ఫైళ్లను మాత్రం బయటికి తీసుకుని, డిస్కు మొత్తం తుడిచి ఆపరేటింగ్ సిస్టమ్‌ను కొత్తగా వేయించండి.

ఊరి సెంటర్లో లాప్‌టాప్ కొన్నప్పుడే ‘అన్ని సాఫ్ట్‌వేర్లూ వేసి ఇస్తాం’ అంటే సంతోషపడేవారికీ ఇదే చెబుతున్నాను. ఆ అన్నిటిలో ఏది ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి. డబ్బు లేకనే మీరు ఇలాంటి కాపీల వైపు వెళ్తున్నారని నాకు తెలుసు. ఒక రాత్రి ప్రోగ్రాంకు వచ్చేది నలుగురికీ పంచితే బండి పెట్రోలుకే సరిపోదు. కానీ మీకు దొంగ కాపీ అవసరమే లేదు. ఆడాసిటీ పూర్తిగా ఉచితం, గొంతు, డప్పు, గిటారు వేర్వేరు ట్రాకులుగా పెట్టుకుని పాట ముగించడానికి సరిపోతుంది. దాన్ని కూడా సొంత సైట్ నుంచే దించుకోండి. వెతికినప్పుడు పైన కనిపించే ప్రకటనలను నొక్కకండి, దాని పేరుతో నకిలీ ప్రకటనలు నడిచాయి.

ఇంకో విషయం కూడా మీ ఉత్తరంలో చూశాను. చానల్ ఖాతా మీ పాత కీబోర్డు వాద్యకారుడి నంబరు మీద ఉందని, ఆయన ఇప్పుడు బృందంలో లేరని రాశారు. ఆ నంబరు వాడకం ఆగి డిస్‌కనెక్ట్ అయితే 90 రోజుల తర్వాత దాన్ని కంపెనీ ముక్కూ మొహం తెలియని మరొకరికి ఇవ్వవచ్చు. మీ ఓటీపీలు అప్పుడు ఎవరి ఫోనులో మోగుతాయి? ఖాతాను బృందం పేరుతో కొత్త మెయిల్‌కు మార్చి, ఇద్దరిని యజమానులుగా పెట్టండి. మిగిలినవారికి యూట్యూబ్ స్టూడియోలో ఎడిటర్ లాంటి అనుమతి ఇవ్వండి. పాస్‌వర్డును వాట్సాప్ గ్రూపులో పెట్టే పద్ధతి ఈ రోజే మానేయండి.

పాటల ఫైళ్లు కూడా ఒకే లాప్‌టాప్‌లో ఉంచకండి. నాలుగు నిమిషాల పాటకు 24 బిట్లు, 48 కిలోహెర్ట్జ్‌లో ఎనిమిది మోనో ట్రాకులంటే దాదాపు 276 ఎంబీ. అలాంటి వంద పాటలు 64 జీబీ పెన్ డ్రైవ్‌లో సగం కూడా నింపవు. రెండు పెన్ డ్రైవ్‌లలో కాపీ చేసి ఇద్దరి ఇళ్లలో ఉంచడానికి ఏమంత కష్టం?

వనపర్తి నుంచి: బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పాడుతుంటే తాళం తప్పుతోంది.

తప్పుతుంది. వాటిలో ధ్వని చెవికి చేరడానికి వంద మిల్లీసెకన్లు దాటే ఆలస్యం మామూలే. అంటే ముప్పై మీటర్ల అవతల నిలబడి వాయిస్తున్నవారితో కలిసి పాడుతున్నట్టు. రికార్డింగ్‌కు తీగ ఉన్న హెడ్‌ఫోన్లు వాడండి.

దేవరకొండ నుంచి: బతుకమ్మ ప్రోగ్రాంలో లాప్‌టాప్ నుంచి ట్రాకులు వేస్తుండగా అది అప్‌డేట్ అంటూ దానంతట అదే రీస్టార్ట్ అయింది. ఏ లాప్‌టాప్ కొనాలి?

కొత్తది కొన్నా ఇదే జరుగుతుంది కాబట్టి ఆ ప్రశ్నకు జవాబు చెప్పను. తెర ముందు ఎవరూ మీటలు నొక్కడం లేదు కాబట్టి ఖాళీగా ఉందనుకుని, ధ్వని బయటికి వెళ్తున్నా పట్టించుకోకుండా ఆగిపోయే యంత్రాన్ని ఎవరు తయారు చేశారో వారు ఒక్క రాత్రి వేదిక మీద నిలబడి చూడాలి. ఎదురుగా చప్పట్లు ఆగిపోయి, పిల్లలు లేచి వెళ్లిపోతుంటే పాడే మనిషి గొంతు ఎండిపోతుంది. ‘మీ పని సేవ్ చేసుకోండి’ అని హెచ్చరిస్తే సరిపోయిందనుకుంటారు. సేవ్ చేసుకునే పని కాదిది, జరుగుతున్న పని.

అలాగని అప్‌డేట్లను శాశ్వతంగా ఆపకండి. పై ఉత్తరంలోని దొంగలకు అది తలుపు తీసి పెట్టడమే. ప్రోగ్రాంకు రెండు రోజుల ముందు మీరే అన్నీ వేయించి, ఒక వారం పాజ్ చేయండి. వేదిక మీద నెట్ ఆపేయండి. అవే ట్రాకులు ఒక పాత ఫోనులో ఏరోప్లేన్ మోడ్‌లో, తీగతో మిక్సరుకు కలిపి సిద్ధంగా ఉంచండి.

మిర్యాలగూడ నుంచి: గిటారు తీగలు పట్టుకుని మైకు దగ్గరికి వెళ్తే పెదవికి జిల్లుమంటోంది. స్పీకర్లలో గుంయ్ శబ్దం కూడా ఉంది. ప్లగ్గులో మూడో పిన్ను తీసేస్తే ఆ శబ్దం పోతుందని సౌండ్ సిస్టమ్ అబ్బాయి అన్నాడు. తీసేయమంటారా?

తీయకండి. అది ఎర్తు పిన్ను. ఇప్పటికే తీసి ఉంటే ఆ కరెంటు తీగను వాడకండి. గుంయ్ శబ్దం 50 హెర్ట్జ్ కరెంటుది. రెండు వేర్వేరు చోట్ల నుంచి ఎర్తింగ్ కలిసినప్పుడు వస్తుంది. పిన్ను తీస్తే శబ్దం పోవచ్చు. అదే సమయంలో ఆంప్లిఫయరులో ఏదైనా లోపం వస్తే ఆ కరెంటుకు భూమిలోకి వెళ్లే దారి గిటారు పట్టుకున్న మీరే అవుతారు. పెదవికి జిల్లుమనడం అంటే గిటారుకూ మైకుకూ మధ్య ఇప్పటికే వోల్టేజి ఉందని అర్థం. జాతరల్లో తడి నేల మీద, చెప్పులు విడిచి పాడతారు. ఆ పరిస్థితిలో ఇది ప్రాణం తీస్తుంది.

మిక్సరు, ఆంప్లిఫయరు, కీబోర్డు, లాప్‌టాప్ అన్నిటికీ ఒకే బోర్డు నుంచి కరెంటు తీసుకోండి. ఆ బోర్డుకు, కరెంటు దారి తప్పి లీకవగానే సరఫరాను ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ పెట్టించండి. లాప్‌టాప్ చార్జరు తీయగానే శబ్దం ఆగితే, లాప్‌టాప్‌కూ మిక్సరుకూ మధ్య ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ బాక్సు (ధ్వని తీగల మధ్య కలిపే చిన్న పెట్టె) పెట్టి, దాని మీద ఉండే గ్రౌండ్ లిఫ్ట్ మీట వాడండి. అది ధ్వని తీగలో మాత్రమే ఎర్తును విడదీస్తుంది, కరెంటు ఎర్తు జోలికి పోదు. ప్రోగ్రాం మొదలయ్యేలోపు ఎలక్ట్రీషియన్‌తో టెస్టర్ కాదు, మీటరు పెట్టి గిటారు తీగకూ మైకు జాలీకీ మధ్య వోల్టేజి కొలిపించండి. ఆ లైను సరిచేసేదాకా, కమిటీవారు ఎంత తొందరపెట్టినా, మైకు ముట్టుకోకండి.