18 నిండగానే: ముందు ఆధార్ సరిచేసుకో, తర్వాత ఓటు, ఆ తర్వాత లైసెన్స్

చెల్లె, నువ్వు అడిగింది ఇదీ: ఆధార్‌లో పుట్టిన తేదీ జనవరి 1 అని ఉంది, పదో తరగతి మెమోలో జూన్ అని ఉంది. అమ్మానాన్న పుణేకు పనికి పోయారు, అచ్చంపేట దగ్గర ఊళ్లో నానమ్మ ఒక్కతే ఉంటుంది. నువ్వు మహబూబ్‌నగర్‌లో హాస్టల్‌లో ఉండి డిగ్రీ చదువుతున్నావు. లైసెన్స్, ఓటరు కార్డు రెండూ చేయిస్తానని ఒకాయన 6 వేలు అడుగుతున్నాడు, ఇవ్వాలా వద్దా?

ఇవ్వొద్దు. మాది కల్వకుర్తి పక్కన పల్లె. ఇవన్నీ నేను సొంతంగా చేసుకున్నాను, తర్వాత మా తమ్ముడికీ మా వాడకట్టు పిల్లలకీ దగ్గరుండి చేయించాను. అందుకే ఇంత గట్టిగా చెప్తున్నా.

మొదట ఆ తేదీ సంగతి చూడు. మన ఊళ్లలో ఆధార్ కొత్తగా తీసినప్పుడు పుట్టిన తేదీ సరిగ్గా చెప్పలేని వాళ్లకు జనవరి 1 అని వేసేశారు. మా ఇంట్లో అమ్మకు, నాకు, తమ్ముడికి ముగ్గురికీ అదే తేదీ ఉండేది. రేపు ఉద్యోగానికి పోయినా, పాస్‌పోర్టుకు పోయినా అందరూ చూసేది పదో తరగతి మెమోనే. కాబట్టి ఆధార్‌ను మెమోకు తగ్గట్టు మార్చుకోవాలి గానీ మెమోను కాదు. 18 నిండాయా లేదా అన్న లెక్క కూడా మెమో తేదీతోనే చూసుకో.

ఆధార్‌లో పుట్టిన తేదీ మార్చుకునే అవకాశం ఒక్కసారే ఉంటుంది, పేరుకైతే రెండుసార్లు. అందుకని ఒరిజినల్ మెమో చేత పట్టుకుని ఆధార్ సెంటర్‌కు నువ్వే వెళ్లు. ఆపరేటర్ టైప్ చేశాక స్క్రీన్ నీ వైపు తిప్పమని అడుగు. ఇంటిపేరు మెమోలో పూర్తిగా ఉంటే ఇక్కడా పూర్తిగా ఉండాలి, పొడి అక్షరం ఉంటే పొడి అక్షరమే ఉండాలి. రసీదు చేతికిచ్చాక మళ్లీ ఒకసారి అక్షరం అక్షరం చదువు. వెనక లైన్‌లో ఉన్నవాళ్లు తొందరపెడతారు, పట్టించుకోకు. అదే రోజు నీ ఫోన్ నంబర్ కూడా లింక్ చేయించుకో.

ఫోన్ నంబర్ గురించి ఇంకో మాట. మా వాడకట్టులో ఒక అమ్మాయికి ఒక ఏజెంట్ దరఖాస్తులన్నీ తన నంబర్‌తోనే పెట్టాడు. ఓటీపీలు ఆయనకే పోతాయి, ఏ దరఖాస్తు ఎక్కడి దాకా వచ్చిందో ఆ పిల్లకు తెలియదు. అడిగిన ప్రతిసారీ ఇంకో 500 తెమ్మనేవాడు. నువ్వు మీసేవలో పెట్టించినా, నెట్ సెంటర్‌లో పెట్టించినా ఆ గడిలో నీ నంబరే పడాలి.

ఇక ఓటు. దీనికి ఒక్క పైసా ఖర్చు లేదు. ఎన్నికల సంఘం వెబ్‌సైట్‌లో ఫారం 6 నింపాలి. ఫోటో, వయసు రుజువు, చిరునామా రుజువు చాలు. ఇంట్లో ఒకరి ఓటరు కార్డు నంబర్ దగ్గర పెట్టుకో, ఫారంలో అడుగుతుంది. జనవరి 1, ఏప్రిల్ 1, జులై 1, అక్టోబర్ 1, ఈ నాలుగు తేదీల్లో దేని నాటికి 18 నిండినా అర్హత వచ్చినట్టే. 17 దాటినవాళ్లు ముందుగానే పెట్టుకోవచ్చు, మీ క్లాస్‌మేట్స్‌కు కూడా చెప్పు.

హాస్టల్ అడ్రస్‌తో పెట్టాలా, ఊరి అడ్రస్‌తోనా అంటే చదువుకునే పిల్లలకు రెండూ కుదురుతాయి, కానీ ఒక్క చోటే ఉండాలి. నన్నడిగితే ఊరే. సర్పంచ్ ఎన్నికల్లో నీ ఓటు మీ ఊరికి పనికొస్తుంది. తర్వాత మారాలనుకుంటే ఫారం 8 ఉంది. మా అమ్మమ్మ వాళ్లది మర్రిగూడ, ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగిపోయిన ఊళ్లు అవి. 1996లో ఆ నీళ్ల గోస ఢిల్లీకి వినపడాలని నల్లగొండ లోక్‌సభ స్థానంలో 480 మంది పోటీకి దిగితే పోలింగే వాయిదా పడింది. మాకు ఓటు అంటే అందుకే అంత పట్టింపు.

ఫారం పెట్టాక బీఎల్‌ఓ, అంటే మీ పోలింగ్ బూత్ ఓటరు జాబితా చూసే ఉద్యోగి, ఇంటికి విచారణకు వస్తారు. మన పాలమూరు వాళ్లకు దెబ్బ తగిలేది ఇక్కడే. పుణేకో బొంబాయికో వలస పోయిన ఇంటికి తాళం కనపడితే ‘ఇక్కడ ఉండటం లేదు’ అని రాసుకునే ప్రమాదం ఉంది. నీ ఆధార్, మెమో జిరాక్సులు నానమ్మ దగ్గర ఉంచు. బీఎల్‌ఓ నంబర్ తీసుకుని నువ్వే ఫోన్ చేసి మాట్లాడు. తెలియకపోతే 1950కి చేసి అడుగు. అదే ఊపులో అమ్మానాన్నల పేర్లు జాబితాలో ఉన్నాయో లేవో కూడా చూడు. పేర్లు తీసేసిన సంగతి పోలింగ్ రోజు బండెక్కి వచ్చాక తెలిస్తే చేసేదేం ఉండదు. చేతిలో కార్డు ఉన్నా జాబితాలో పేరు లేకపోతే ఓటు వేయనివ్వరు. పేరుంటే మాత్రం కార్డు ఇంకా రాకపోయినా ఆధార్ చూపించి వేయొచ్చు.

లైసెన్స్‌కు రవాణా శాఖ వెబ్‌సైట్‌లో స్లాట్ బుక్ చేసుకుని లెర్నింగ్ పరీక్ష రాయాలి. తెలుగులోనే ఉంటుంది, 20 ప్రశ్నల్లో 12 సరైతే పాస్. రోడ్డు గుర్తులు ఒక సాయంత్రం కూర్చుని చూసుకుంటే చాలు, టెన్షన్ పడాల్సింది లేదు. గేర్ ఉన్న బండికే పెట్టు, దానితో స్కూటీ కూడా నడపొచ్చు. లెర్నింగ్ 6 నెలలు చెల్లుతుంది, 30 రోజులు దాటాక అసలు పరీక్షకు పోవచ్చు.

అందులో ‘8’ తిప్పాలి. చాలామంది ఫెయిలయ్యేది కాలు కింద పెట్టడం వల్లే. నేను మా బడి గ్రౌండ్‌లో ముగ్గుపిండితో 8 గీసుకుని తిప్పాను. మొదటి గేర్‌లోనే ఉండు, యాక్సిలరేటర్ ఒకేలా పట్టు, ముందు చక్రాన్ని చూడకుండా ఆ మలుపు ఎక్కడికి పోతుందో అక్కడ చూడు. పరీక్షకు హెల్మెట్‌తో పాటు బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితం తీసుకెళ్లు.

మీ తమ్ముడికి 16 అన్నావు, బండి మాత్రం ఇవ్వకు. మైనర్ నడుపుతూ దొరికితే బండి యజమానికి 25 వేల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు అని చట్టంలో ఉంది. అలా దొరికిన పిల్లాడికి 25 ఏళ్లొచ్చేదాకా లెర్నింగ్ కూడా ఇవ్వరు.

లైసెన్స్ కార్డు పోస్టులో వస్తుంది, నానమ్మకు ముందే చెప్పి పెట్టు. ఆధార్ సెంటర్‌లో మెమో చూసి ఏమన్నా అభ్యంతరం చెప్తే ఇక్కడే రాయి, మా తమ్ముడికి ఏ కాగితాలు పెట్టామో చెప్తాను.