ఆమె పేరు కూడా రాయి

చిరంజీవికి,

సంగీత గ్రంథాలయాల్లో పాటలు భద్రపరిచేవాళ్ల గురించి నువ్వు రాసింది చదివాను. వచనం బాగుంది. మూడో పేజీలో మాత్రం ఆగిపోయాను. "ఒక ముసలమ్మ నాట్ల పాట పాడింది, ఫోనులో రికార్డు చేశాను" అన్నావు. ఎవరా ముసలమ్మ? అమెరికా పరిశోధకుడు ఫ్యూక్స్ పేరుంది, హంగేరీ సంగీతకర్త బార్టోక్ పేరుంది, ఆఖరికి నీ ఫోను ఏ కంపెనీదో కూడా ఉంది. పాడినావిడ పేరు లేదు. ఆ కోపంతోనే రాస్తున్నాను.

1890 మార్చిలో జెస్సీ వాల్టర్ ఫ్యూక్స్ గొంతు రికార్డు చేసే ఎడిసన్ ఫోనోగ్రాఫు పట్టుకుని అమెరికాలోని మెయిన్ రాష్ట్రానికి వెళ్లి, అక్కడి ఆదివాసులైన పాసమక్వాడి జాతివాళ్ల పాటలూ కథలూ మైనపు సిలిండర్లకు ఎక్కించాడని గొప్పగా రాశావు. నిజమే. మరి ఆ గొంతులు నోయెల్ జోసెఫ్స్‌వి, పీటర్ సెల్మోర్‌వి. వాళ్లేరీ నీ వ్యాసంలో? ఆ సిలిండర్లు ఇప్పుడు అమెరికా జాతీయ గ్రంథాలయమైన లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో ఉన్నాయి. ఈనాటి పాసమక్వాడి వాళ్లే వాటిని విని, మాటలు పోల్చుకుని, ఏ పాట ఏ సందర్భానిదో, ఏది ఎవరు వినవచ్చో చెబుతున్నారు. లైబ్రేరియన్ పని అక్కడుంది నాయనా, బీరువాలో కాదు. బార్టోక్ కూడా పల్లెల్లో పాట సేకరిస్తే పాడినవాళ్ల పేరు, వయసు, ఊరు రాసుకునేవాడు. అన్నమయ్య పదాలు చెక్కిన మన రాగిరేకుల మీద రాగం పేరుంది, స్వరం లేదు. అన్నమయ్య తన పదాన్ని ఎలా పాడుకున్నాడో అందుకే మనకు దక్కలేదు.

నా తొలిరోజుల్లో ఊళ్లు తిరిగి సేకరించిన స్త్రీల పాటలు ఒక పత్రికకు ఇచ్చాను. సంపాదకుడు పాటలు ఉంచి, కింద రాసిన పేర్లన్నీ కొట్టేశాడు. "జానపదానికి కర్త ఉండడు కదండీ" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ సభల్లో వినబడుతూనే ఉంది, విన్నప్పుడల్లా ఒళ్లు మండుతుంది. కర్త తెలియకపోవచ్చు, పాడిన మనిషి ఎదురుగా కూర్చునుంది కదా! బస్సు చార్జీకి డబ్బుల్లేక నడిచివెళ్లిన నాకు అన్నం పెట్టి, పొద్దుపోయేదాకా పాడిన ఒకావిడ, అచ్చులో తన పేరు చూసి రమ్మని మనవణ్ని పంపింది. చూపించడానికేముంది? ఆ పత్రికకు మళ్లీ రాయలేదు.

నీకు నాట్ల పాట పాడిన ఆ ముసలమ్మ కొడుకు నీకు తెలుసన్నావు కదా. ఫోన్ చెయ్యి. పేరు, ఇంటిపేరు, ఊరు, ఆ పాట ఎవరి దగ్గర నేర్చిందో అడుగు. నలుగురికీ వినిపించడానికి ఆమెకు ఇష్టమో కాదో కూడా అడుగు. అవన్నీ చేర్చి మళ్లీ పంపు, మిగతా పేజీలు అప్పుడు చూస్తాను.