ఓనరుగారు ఊళ్లో లేరు, భారం నా మీద పడింది

ప్రశ్న: మేడమ్, పలాసలో జీడిపప్పు కార్ఖానాలో అకౌంట్లు రాస్తాను. మా ఓనరుగారు పెళ్లికని హైదరాబాద్ వెళ్తూ ‘హోల్డ్ ద ఫోర్ట్’ అని మెసేజ్ పెట్టారు. అంటే అన్నీ నేనే నిర్ణయించాలా? టెన్షన్‌గా ఉంది.
– ఒక పాఠకురాలు, కాశీబుగ్గ

జవాబు: కంగారు పడకమ్మా. తాను వచ్చేదాకా పని ఆగకుండా కనిపెట్టుకుని ఉండమన్నారు, అంతే.

‘కోటను కాపాడు’ అనే ఆ మాటకు ప్రచారం అమెరికా అంతర్యుద్ధం వల్ల వచ్చింది. 1864 అక్టోబరులో జార్జియాలోని అల్లటూనా దగ్గర ఉత్తరాది సైన్యం సరుకు నిల్వల మీద దక్షిణాది శత్రువులు విరుచుకుపడ్డారు. సాయం వస్తోంది, నిలబడండి అని ఉత్తరాది సేనాని జనరల్ షెర్మన్ తరఫున కొండ మీంచి జెండాలు ఊపి కబురంపారు. అక్కడున్న జనరల్ కోర్స్ దళం గట్టిగా నిలిచింది. 1870లో ఫిలిప్ బ్లిస్ ఆ కథతో క్రైస్తవ కీర్తన కట్టాక మాట ఊరూరా పాకింది. కోర్స్ కొత్త దండయాత్రకేమీ వెళ్లలేదు. ఉన్న నిల్వలు పోకుండా చూశాడు.

నువ్వూ అలాగే చెయ్యి. గింజల బస్తాలు తూకం చూసి దించుకో. గుండు, బద్ద, ముక్క విడివిడిగా లెక్క రాయి. ఒలిచే ఆడవాళ్ల వారం కూలీ మాత్రం ఒక్క పూట కూడా ఆపకు. ఓనరుగారు రానీ అని వాళ్లను తిప్పితే నాకు కోపమొస్తుంది, వాళ్ల పొయ్యి వెలిగేది ఆ డబ్బుతోనే. ఏ వ్యాపారైనా రేటు తగ్గించమంటే ఒప్పుకోకు, ఓనరుగారికి ఫోన్ కలిపి ఇచ్చెయ్యి.

అడగకుండా ఎంతవరకు ఖర్చు పెట్టొచ్చో ఈ రాత్రికే ఆయన చేత మెసేజ్ పెట్టించుకో.