గొట్టం అప్పుడే అతికించకు

బిడ్డా,

నువ్వు పంపిన స్పీకర్ బాక్సు కొలతలు చూశాను. లోపల 35, 35, 45 సెంటీమీటర్లు, 18 ఎంఎం ప్లైవుడ్, పది అంగుళాల వూఫర్ (బేస్ పలికే స్పీకర్). చెక్కపని బాగుంది. నాకు టెన్షన్ పెట్టింది బాక్సులో గాలి బయటికి రావడానికి ముందు పలకకి పెట్టే ఆ 75 ఎంఎం పైపు ఒక్కటే. 8 సెంటీమీటర్లు కోసి అతికించేస్తానన్నావు. ఆగు.

నీ లెక్క తప్పు కాదు. బాక్సు లోపలి చోటు 55 లీటర్లు, ట్యూనింగ్ (పైపులోంచి గాలి గట్టిగా పలికే స్వరం) 40 హెర్ట్జ్, పైపు లోపలి వ్యాసం 7 సెంటీమీటర్లు అంటే సూత్రం అంతే ఇస్తుంది. కానీ పది అంగుళాల వూఫర్ తోసే గాలంతా ఆ ఇరుకు దారిలోంచే రావాలి. ఇంట్లో మెల్లగా పెడితే తెలియదు. సద్దుల బతుకమ్మ నాడు వాడకట్టులో సౌండ్ పెంచితే డప్పు దెబ్బ వెంట బుస్సుమని గాలి చప్పుడు వస్తుంది. నా మొదటి బాక్సుకి అదే జరిగి, అతికించిన పైపు ఊడదీయబోతే ముందు పలకే చీలిపోయింది.

అందుకే 110 ఎంఎం పైపు తీసుకో. మన దగ్గర పీవీసీ పైపుకి చెప్పేది బయటి కొలత. గోడ మందాన్ని బట్టి లోపలిది మారుతుంది, టేపు పెట్టి చూడు. నా దగ్గరున్న ముక్క లోపల 10.4 సెంటీమీటర్లు వచ్చింది. ఖాళీ సీసా మూతి మీద ఊదితే పలికినట్టే ఈ బాక్సూ పలుకుతుంది. మెడ వెడల్పయితే స్వరం పైకి పోతుంది, పొడవైతే కిందికి దిగుతుంది. వెడల్పు పెంచావు కాబట్టి పొడవు కూడా పెంచాలి.

ఇంకో మాట. 55 లీటర్లూ నీకు మిగలవు. వూఫర్ వెనకభాగం, అడ్డుచెక్కలు కలిపి మూడు లీటర్లు, పైపు రెండు లీటర్లు తీసేస్తే 50. దానికి ఈ పైపు పొడవు 24 సెంటీమీటర్లు వస్తుంది, ముందు పలక మందంతో కలిపి. లోపలి చివరకీ వెనక పలకకీ మధ్య కనీసం పైపు వ్యాసమంత ఖాళీ ఉండాలి. నీ బాక్సులో 12 సెంటీమీటర్ల పైనే ఉంటుంది.

అయినా 24 కి కోయకు, 26 కి కోయి. కోసింది మళ్ళీ అతకదు. ఈ సైజులో సెంటీమీటరు తీస్తే అర హెర్ట్జ్ పైచిలుకే మారుతుంది, కాబట్టి మిల్లీమీటర్ల కోసం బెంగ వద్దు. వ్యాసం తప్పితే మాత్రం లెక్కంతా తప్పుతుంది.

పైపుని గమ్ లేకుండా గాలి పోకుండా టేపు చుట్టి బిగించు. ఫోన్లో టోన్ యాప్‌ని ఆంప్లిఫయర్‌కి కలిపి, సౌండ్ తక్కువ పెట్టి, 50 నుంచి ఒక్కో హెర్ట్జ్ దించుతూ రా. కోన్ మీద, అంటే వూఫర్ ముందు ఊగే గరాటు లాంటి భాగం మీద, చిన్న తెల్ల స్టిక్కర్ అంటించి చూస్తూ ఉండు. ఒకచోట కోన్ దాదాపు కదలడం మానేస్తుంది, పైపు దగ్గర చెయ్యి పెడితే గాలి గట్టిగా తగులుతుంది. నీ బాక్సు ట్యూనింగ్ అదే. 40 కంటే తక్కువ వస్తే అర సెంటీమీటరు చొప్పున కోస్తూ మళ్ళీ చూడు. కోన్ ఎక్కడా ఆగకపోతే ముందు జాయింట్లు చూడు, గాలి లీకవుతుంటే ఏ కొలతా నిలవదు. అగరుబత్తి పొగ జాయింటు దగ్గర వణికితే అక్కడే సిలికాన్ పెట్టాలి.

పైపు రెండు అంచులూ ఎమెరీ కాగితంతో గుండ్రంగా రుద్దు, గాలి చప్పుడు ఇంకా తగ్గుతుంది.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకు. ట్యూనింగ్ కంటే బాగా కింది స్వరాల దగ్గర బాక్సులో గాలి కోన్‌ని పట్టి ఉంచదు, అది అదుపు లేకుండా ఊగి కాయిల్ పాడవుతుంది. ఆంప్లిఫయర్‌లో సబ్‌సోనిక్ ఫిల్టర్ (మరీ కింది స్వరాలని ఆపేది) ఉంటే 30 హెర్ట్జ్ దగ్గర పెట్టు. లేకపోతే బేస్ నాబ్ పూర్తిగా తిప్పకు.

ఆదివారం కాజీపేటలో రైలెక్కి జమ్మికుంట వస్తాను. మల్టీమీటరు తెస్తాను, నువ్వు కోన్ చూసి రాసుకున్న అంకె సరిపోతుందో లేదో ఇద్దరం కలిసి చూద్దాం. పైపు అప్పుడే అతికిద్దాం.

మీ మామయ్య,
హనుమకొండ