బాబు ఆ పాట ఎందుకు ఆపేశాడు?

ప్రశ్న: మాది విజయవాడ. బ్యాంకు ఉద్యోగం మానేసి 2010లో పెళ్ళితో అమెరికా వచ్చాను. డాలస్ దగ్గర ఉంటున్నాను. విడాకులు మంజూరై ఏడాది దాటింది. తొమ్మిదేళ్ళ బాబు నా దగ్గరే ఉంటాడు. నెలలో మొదటి, మూడో, ఐదో వారాంతాలు వాళ్ళ నాన్న దగ్గర గడుపుతాడు. ఆయనకు ఆఫీసులో ఎవరో అమెరికన్ గాయకుడు జెర్రీ రీడ్ పాడిన పాత కంట్రీ (అక్కడి పల్లె బాణీ) పాట ఒకటి వినిపించారట. విడాకుల పంపకంలో భార్యకు బంగారు గని దక్కి, తనకు గొయ్యి మిగిలిందని భర్త గోల పెట్టే హాస్యపు పాట. ఇప్పుడు కారులో అదే, స్నేహితుల ఇళ్ళలో భోజనాలప్పుడూ అదే. అందరూ నవ్వుతారు. పోయిన ఆదివారం రాత్రి బాబు పెరుగన్నం తింటూ, "అమ్మా, నాన్న డబ్బంతా నువ్వే తీసుకున్నావా?" అని అడిగాడు. "ఆ పాట పెట్టిన మీ నాన్ననే అడుగు" అని కసిరాను. మర్నాడు లెగో ముక్కలు పేరుస్తూ అదే పాట కూనిరాగం తీస్తున్నవాడు, నేను గదిలోకి వెళ్ళగానే ఆపేశాడు. "విడాకుల్లో వచ్చిన ఆ డబ్బు వదిలేసి ఉంటే ఈ మాట పడేదానివి కాదు కదా" అని మా అమ్మ అంటోంది. కోర్టుకు వెళ్ళి ఆ పాట ఆపించనా? నిజంగా నేను తప్పు చేశానా?

జవాబు: మీ ఉత్తరంలో చివరి రెండు ప్రశ్నలకన్నా, బాబు పాట ఆపేశాడని రాసిన చోట నేను ఎక్కువసేపు ఆగిపోయాను. తొమ్మిదేళ్ళవాడు అమ్మ అడుగుల చప్పుడు విని గొంతు మూసుకున్నాడంటే, ఆ ఇంట్లో ఏది పాడాలో ఏది పాడకూడదో వాడు అప్పటికే లెక్క వేసుకుంటున్నాడు. అక్కడ పాడితే నాన్న నవ్వుతాడు, ఇక్కడ పాడితే అమ్మ బాధపడుతుంది. ఆ లెక్క వాడి నెత్తిన ఉండకూడదు. మిగిలిన విషయాలన్నీ దీని తర్వాతే.

మీ అమ్మగారి మాట గురించి ముందుగా చెబుతాను. అది మీలో ముల్లులా ఉన్నంతకాలం బాబుకు మీరు స్థిమితంగా జవాబు చెప్పలేరు. మీరు తప్పు చేయలేదు. టెక్సాస్ చట్టం ప్రకారం పెళ్ళయ్యాక సంపాదించినది, ఎవరి జీతంలోంచి వచ్చినా, సాధారణంగా దంపతులిద్దరి ఉమ్మడి ఆస్తి. అక్కడి కోర్టు దాన్ని న్యాయమనిపించినట్టు పంచుతుంది, ఎవరికీ దానం చేయదు. పైగా మీరు వచ్చినప్పుడు హెచ్-4 వీసా (హెచ్-1బి వీసా మీద ఉద్యోగం చేసేవారి జీవిత భాగస్వామికి ఇచ్చేది) మీద ఉన్నవారికి ఉద్యోగం చేసే హక్కే లేదు. భర్త గ్రీన్ కార్డు ప్రక్రియ కొంత దూరం వెళ్ళిన వారికి ఆ అనుమతి మొదలైంది 2015 మేలో. అంటే దాదాపు ఐదేళ్ళు మీ చదువు, మీ బ్యాంకు అనుభవం వంటింటి గోడల మధ్య ఉండిపోయాయి. ఆయన నిశ్చింతగా ఆఫీసులో ఎదగడానికి ఆ ఐదేళ్ళు కూడా పెట్టుబడే. ఇక నెలనెలా ఆయన ఇచ్చేది బాబు పోషణ కోసం. ఒక బిడ్డ ఉంటే ఇచ్చేవారి నికర ఆదాయంలో 20 శాతం అన్నది అక్కడి సాధారణ కొలమానం. అందులో గనీ లేదు, బంగారమూ లేదు. అమ్మగారికి ఇదంతా ఒకసారి ఓపికగా చెప్పండి. ఆవిడ మీ మీద బెంగతో అన్నారు, మీ మీద తీర్పుగా కాదు.

ఇప్పుడు పాట. 1982లో వచ్చింది. ఆ ఏడాది బిల్‌బోర్డ్ పత్రిక కంట్రీ పాటల పట్టికలో రెండు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. ఎవరి తప్పూ నిరూపించకుండానే విడాకులు తీసుకునే చట్టాలు కాలిఫోర్నియాతో మొదలై అప్పటికి దేశమంతా దాదాపు పాకాయి. అమెరికాలో విడాకుల రేటు అత్యంత ఎత్తున ఉన్న రోజులవి. ప్రతి వీధిలోనూ ఆ నొప్పి ఉంది కాబట్టే అంతమంది నవ్వారు. గనిలోకి దిగే నిలువు గొయ్యికీ, మోసపోయి నష్టపోవడానికీ ఇంగ్లీషులో 'షాఫ్ట్' అని ఒకే మాట ఉంది. ఆ శ్లేష మీదే పాటంతా నడుస్తుంది. "నా చేతికి చిప్ప మిగిలింది" అని మనం అన్నట్టు. మీ మాజీ భర్త ఆ పాటను పట్టుకోవడం నాకు అర్థమవుతోంది. మన మగవాళ్ళకు పెళ్ళి విరిగిన దుఃఖం చెప్పుకోవడానికి చోటు లేదు. నలుగురిలో ఏడవలేడు. నవ్విస్తే మాత్రం నలుగురూ పక్కన కూర్చుంటారు. అంతవరకూ ఆయన్ని తప్పుపట్టను. పెద్దవాళ్ళ మధ్య, బాబు లేని చోట, వంద సార్లు పెట్టుకోనివ్వండి.

అయితే ఆ గాయకుడి గురించి మీరిద్దరూ తెలుసుకోవలసినది ఒకటుంది. జెర్రీ రీడ్ పుట్టిన నాలుగు నెలలకే తల్లిదండ్రులు విడిపోయారు. ఆయనా, అక్కా ఏడేళ్ళపాటు అనాథాశ్రమాల్లో, పరాయి ఇళ్ళలో పెరిగి, 1944లో గానీ తల్లి దగ్గరికి చేరలేదు. పెద్దయ్యాక 1959లో ప్రిసిల్లా మిచెల్‌ను పెళ్ళాడి 2008లో కన్నుమూసేదాకా ఆమెతోనే ఉన్నాడు. ఆ పాటలోని భర్త ఆయన కాదు, ఆ మాటలు కూడా వేరొకరు రాసినవి. విడిపోయిన ఇంటి పిల్లవాడుగా ఉండడం మాత్రం ఆయన స్వయంగా అనుభవించాడు.

ఇంకో పాట కూడా గుర్తొస్తోంది. 1968లో కంట్రీ గాయని టామీ వైనెట్ పాడింది. అందులో తల్లి, నాలుగేళ్ళ కొడుక్కి అర్థం కాకూడదని విడాకులు అనే మాటను అక్షరం అక్షరంగా విడగొట్టి చెబుతుంది. బహుశా మీరిద్దరూ గొడవపడినప్పుడు బాబుకు తెలియకూడదని తెలుగులోకి మారి ఉంటారు. ఇప్పుడు ఆ గొడవ వాడి సొంత భాషలో, తాళంతో సహా, కారు స్పీకర్లలోంచి వస్తోంది. ఆ శ్లేష మనకన్నా వాడికే త్వరగా అర్థమవుతుంది.

కోర్టుకు ఇప్పుడే వెళ్ళకండి. మొదటి పని బాబుతో. మీ కసురుకు మీరే ముందు క్షమాపణ చెప్పండి. తర్వాత ఇంత చిన్నగా చెబితే చాలు: "నువ్వు అడిగింది మంచి ప్రశ్నే, నేనే కోప్పడ్డాను. నేనూ నాన్నా కలిసి ఉన్నప్పుడు కూడబెట్టింది ఇద్దరిదీ. విడిపోయినప్పుడు ఇద్దరం పంచుకున్నాం. నాన్న పంపేది నీ బడికీ, నీ బట్టలకీ. ఆ పాట నవ్వుకోవడానికి రాసింది, మన గురించి కాదు. నువ్వు పాడుకుంటే నాకేమీ కోపం లేదు." ఇంతకు మించి వద్దు. నాన్న ఇంకేమన్నాడని ఆరా తీయకండి. ఆరా తీస్తే, వాడు రెండు ఇళ్ళ మధ్య కబుర్లు మోసేవాడవుతాడు.

రెండో పని ఆయనతో. బాబును దింపడానికి వచ్చినప్పుడు గుమ్మం దగ్గర అడగకండి. వారం మధ్యలో, బాబు బడిలో ఉన్న వేళ, ఒక సందేశం రాయండి. పాట మీద ఫిర్యాదు లేకుండా, జరిగింది మాత్రమే: పెరుగన్నం దగ్గర వాడు ఏమడిగాడు, మర్నాడు ఎలా ఆపేశాడు. "వాడున్నప్పుడు డబ్బు మాట, ఆ పాట వద్దు. నేనూ మీ గురించి వాడి ముందు ఏమీ అనను" అని ముగించండి. రెండో వాక్యం మీరు నిలబెట్టుకోవాలి, ఫోనులో అమ్మగారితో మాట్లాడేటప్పుడు కూడా. పక్క గదిలో పిల్లలు వింటూనే ఉంటారు.

రెండు మూడు వారాంతాలు చూడండి. మార్పు లేకపోతే మీ విడాకుల ఉత్తర్వు తీసి చదవండి. బిడ్డ వినేలా ఒకరినొకరు కించపరచకూడదన్న షరతు చాలా ఉత్తర్వుల్లో ఉంటుంది. మీ దాంట్లో ఉంటే మీ లాయరు ఒక ఉత్తరం రాస్తే సరిపోవచ్చు. పాటను నిషేధించమని అడగవద్దు. అడగవలసింది బాబు వినికిడిలో మర్యాద గురించే.

కొన్నాళ్ళ తర్వాత మీరు గదిలోకి వెళ్ళినా వాడు కూనిరాగం ఆపకుండా లెగో పేర్చుకుంటూ ఉంటే, నాకొక మాట రాయండి.