సర్జరీలో నాకు చోటుందా?

పాడేరు దగ్గర ఊరు, ఇంటర్ దాకా తెలుగు మీడియం, ఇప్పుడు వైజాగ్‌లో ఎంబీబీఎస్ థర్డ్ ఇయర్. సర్జరీ ఇష్టమే గానీ ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) అడుగుపెడితే పరాయి పెళ్లికి వచ్చినట్టుంటోంది, యూనిట్‌లో ఒక్క లేడీ సర్జన్ కూడా లేరు అని రాశావు కదా చెల్లీ. నాది పలాస అవతల పల్లె. పన్నెండేళ్ల కిందట ఇదే వైజాగ్‌లో నా అవస్థా అదే. ఇప్పుడు జనరల్ సర్జన్‌ని.

మొదటిసారి స్క్రబ్ అయిన (చేతులు కడుక్కుని ఆపరేషన్‌లో నిలబడిన) రోజు ఉన్నవన్నీ ఏడున్నర సైజు గ్లవ్స్. నా చెయ్యి ఆరు. వేళ్ల చివర రబ్బరు వేలాడుతోంది. టేబుల్ ఎత్తేమో ఆరడుగుల సార్‌కి సరిపోయేలా పెట్టారు. మడమలెత్తి గంటన్నర రిట్రాక్టర్ (కోత అంచుల్ని పక్కకి లాగి ఉంచే పనిముట్టు) పట్టుకుంటే చెయ్యి వణికింది. "ఆడపిల్లలకి గైనిక్ అయితే హాయమ్మా" అన్నారాయన. నేనూ నమ్మేశాను. కొన్ని నెలలకి ఒక పీజీ అక్క మాటాపలుకూ లేకుండా కాలితో ఇనప స్టూల్ నా వైపు తోసింది. ఎక్కి నిలబడ్డాను. చెయ్యి వణకలేదు.

యాస సంగతి ఇంకోటి. కేస్ చెబుతూ ఇంగ్లిష్ మధ్యలో "ఏటంటే" అని దొర్లితే బ్యాచంతా నవ్వారు. నెల తర్వాత ఒక రాత్రి టెక్కలి వైపు తాత, హెర్నియాలో పేగు ఇరుక్కుంది, ఆపరేషన్ వద్దంటే వద్దంటాడు. ముగ్గురు చెప్పి చూశారు. నేను పక్కన కూర్చుని "ఏటి తాతా, దేనికి భయం?" అన్నాను. "కోసేస్తే మరి నాగలి పట్టనేనంట గదమ్మా" అన్నాడు. కాసేపు మాట్లాడాక వేలిముద్ర వేశాడు. ఆ కేసులో నన్నే అసిస్ట్ చెయ్యమన్నారు. (డిశ్చార్జ్ దాకా ఆ తాతకి నేను నర్సమ్మనే. ఇప్పటికీ వారానికొకరు అలాగే పిలుస్తారు.)

ఆడవాళ్లకి ఓపిక చాలదనే వాళ్లతో వాదించకు. మద్రాసులో టి.ఎస్. కనక గారు 1968లోనే న్యూరోసర్జరీలో (మెదడు, నరాల ఆపరేషన్లు) ఎంసీహెచ్ అనే పై డిగ్రీ పూర్తి చేశారు. ఆవిడ పేరు నాకు పీజీలో గానీ తెలీలేదు, అదీ మన చదువు.

కుట్లు వేసేటప్పటి ముడులు చేతికి అలవాటయ్యేలా కుర్చీ కాలికి దారం కట్టి ముడులు వేస్తూ ఉండు. నీ గ్లవ్ సైజు ముందురోజే ఓటీ సిస్టర్‌కి చెప్పు, స్టూల్ అడుగు. సిగ్గుపడి ఊరుకుంటే ఎవరికీ తట్టదు. అన్ని యూనిట్లూ మారతాయని మాత్రం చెప్పను. ఎంఎస్ (సర్జరీలో పీజీ) అంటే మూడేళ్లు. సీటు ఎంచుకునే ముందు అక్కడి లేడీ పీజీలతో మాట్లాడు. డ్యూటీ రూమ్‌కి లోపల గడియ ఉందా అని కూడా అడుగు. నేను అడగలేదు, మొదటి ఏడాదంతా తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని పడుకున్నాను.