కంప్లైంట్ ఇస్తే చెల్లి వీసా పోతుందా?

ప్రశ్న: మా చెల్లి అమెరికాలో ఎంఎస్ చేస్తోంది, చిన్నప్పటినుంచి వినికిడి తక్కువ. లెక్చర్ వీడియోలకి క్యాప్షన్స్ కావాలని అడిగితే ప్రొఫెసర్ "నీ సమస్య చెవి కాదు, ఇంగ్లీషు, మీ ఇండియన్స్ అందరూ ఇంతే" అని క్లాసులోనే అన్నాడట. కంప్లైంట్ ఇస్తే వీసా పోతుందని భయపడుతోంది, ఏం చెయ్యమంటారు?

జవాబు: ముందు వీసా సంగతే చెప్తాను, ఎందుకంటే చాలామంది పిల్లలు ఈ భయంతోనే నోరు మూసుకుని ఉండిపోతున్నారు, అది చూస్తే మనసుకి చాలా కష్టంగా ఉంటుంది. వివక్ష మీద కంప్లైంట్ ఇవ్వడం ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) రూల్స్‌కి వ్యతిరేకం కాదు, వివక్షని ఆపే చట్టాల రక్షణకి సిటిజన్ అయ్యుండక్కర్లేదు, కంప్లైంట్ ఇచ్చిందని కాలేజీ కక్ష కడితే అది కూడా చట్టవిరుద్ధమే. అసలు ప్రమాదం వేరే ఉంది, తట్టుకోలేక డీఎస్ఓకి (కాలేజీలో విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే అధికారికి) చెప్పకుండా సబ్జెక్టు డ్రాప్ చేసి ఫుల్‌టైమ్ క్రెడిట్స్ కంటే తగ్గిపోతే అప్పుడు నిజంగానే వీసా స్టేటస్‌కి దెబ్బ. ఆరోగ్యం బాగోక క్రెడిట్స్ తగ్గించుకోవాలంటే డాక్టర్ లెటర్ పెట్టి ముందే డీఎస్ఓ చేత ఓకే చేయించుకోవాలి.

మీ చెల్లికి జరిగినవి రెండు అన్యాయాలు. క్యాప్షన్స్ ఇవ్వకపోవడం వైకల్యం ఉన్నవాళ్ళపై వివక్షని ఆపే 1973 రిహాబిలిటేషన్ యాక్ట్ సెక్షన్ 504, 1990 ఏడీఏ (అమెరికన్స్ విత్ డిసబిలిటీస్ యాక్ట్) కిందకి వస్తుంది, "మీ ఇండియన్స్" అన్న మాట జాతి, పుట్టిన దేశం పేరుతో వివక్షని ఆపే 1964 సివిల్ రైట్స్ యాక్ట్ టైటిల్ సిక్స్ కిందకి. రెండూ ఒకే కంప్లైంట్‌లో రాయొచ్చు. కాకపోతే ఒక్క మాటతోనే కేసు నిలబడటం కష్టం, అందుకే ఏ రోజు అన్నాడు, ఎవరు విన్నారు, అంతకుముందు ఇంకేమైనా అన్నాడా, అన్నీ రాసి పెట్టుకోమనండి, మెయిల్స్ డిలీట్ చెయ్యొద్దు.

ఇంకోటి, కాలేజీలో డిసబిలిటీ ఆఫీసుకి వెళ్ళి తనే అడగాలి, ప్రొఫెసర్‌కి నోటితో చెప్తే సాధారణంగా సరిపోదు. ఇంకా రిజిస్టర్ అవ్వకపోతే ఆడియాలజిస్ట్ రిపోర్ట్ పట్టుకుని వెంటనే వెళ్ళమనండి.

కంప్లైంట్ ఇవ్వాల్సింది అమెరికా విద్యాశాఖలోని ఓసీఆర్‌కి (ఆఫీస్ ఫర్ సివిల్ రైట్స్, పౌర హక్కుల విభాగం), ఆన్‌లైన్‌లోనే, ఫీజు లేదు, లాయర్ అక్కర్లేదు, కానీ జరిగిన రోజు నుంచి 180 రోజుల్లోపు ఇవ్వాలి. కాలేజీలో ఇచ్చాం కదా అని కూర్చుని చాలామంది ఈ గడువు పోగొట్టుకుంటారు. 2025 మార్చిలో ఓసీఆర్ 12 ప్రాంతీయ ఆఫీసుల్లో 7 మూసేసింది కాబట్టి జవాబు లేటవ్వొచ్చు, అయినా సరే మన వైపు నుంచి లేటు ఉండకూడదు. ఓసీఆర్ పని ముఖ్యంగా కాలేజీ తీరు సరిదిద్దించడం, నష్టపరిహారం కావాలంటే కోర్టుకెళ్ళాలి, అక్కడ కూడా 2022 సుప్రీంకోర్టు తీర్పు తర్వాత సెక్షన్ 504 కింద మానసిక వేదనకి డబ్బు రాదు, అందుకని ఆ దారిలో వెళ్ళేముందు ఆ రాష్ట్రంలోని లాయర్‌ని కలవాలి.

ఇవాళే ఫోన్ చేసి ప్రొఫెసర్ ఆ మాట అన్న తేదీ అడగండి, 180వ రోజు ఎప్పుడొస్తుందో ఇద్దరూ కలిసి లెక్కేసుకోండి.